పసుపు వేయని ఇళ్లు

వారంలో నాచారం గల్లీల్లో ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరికి వాంతులు పట్టుకున్నాయి, ఎవరు కన్నుమూశారు, ఎందుకు కన్నుమూశారు అనేదంతా పోగుచేసి సోమవారం పైకి పంపడం స్వర్ణలత పని. సర్కారు దవాఖానాలో ఆమె నర్సమ్మ. ఎండకూ వానకూ ఒకటే గొడుగు, భుజానికి ఒకటే సంచి, సంచిలో పాత గుడ్డలో చుట్టిన ట్యాబు. ఆమె సందు మలుపు తిరిగితే చాలు, "జ్వరం మేడం వచ్చింది, జ్వరం మేడం వచ్చింది" అని పిల్లలు ముందే కేకలు పెట్టేవాళ్లు. ఆమెకు కోపం వచ్చేది కాదు. "వచ్చిన జ్వరాన్ని పట్టుకపోనీకే వచ్చిన్రా, అరువుండ్రి" అని నవ్వేది.

త్రివేణి ఆమె అక్క కూతురు. పదో తరగతి మోత్కూరు దగ్గరి పల్లెలో చదివి, ఇంటర్ కోసం జూన్‌లో వచ్చింది. ఉప్పల్‌లో కాలేజీ, నాచారంలో చిన్నమ్మ ఇల్లు. చిన్నాయన లారీ మీద నెలలో సగం రోజులు ఊళ్లు పట్టుకుని పోతాడు కాబట్టి ఇంట్లో ఎక్కువగా వీళ్లిద్దరే. త్రివేణి నోట్లో నాలుక లేని పిల్ల. బడిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేది కాదు. ఇక్కడా అంతే. అన్నం పెట్టమంటావా అంటే తల ఊపుతుంది, వద్దా అంటే ఇంకోలా ఊపుతుంది.

"గంగిరెద్దు లెక్క తలకాయ ఊపుడేందే? దేవుడు నోరు ఇచ్చింది పండ్లు దాసుకోనీకేనా?" అని చిన్నమ్మ వేళాకోళం చేసేది.

త్రివేణి దానికీ తల ఊపేది.

కానీ ఆ పిల్ల కళ్లు మాత్రం చిన్నమ్మ వెంటే తిరిగేవి. ఆమె ఒక్కో ఇంట్లో ఒక్కోలా మాట్లాడటం చూస్తే త్రివేణికి ఆశ్చర్యం. ముసలమ్మ దగ్గర మనుమరాలిలా, కొత్త కోడలి దగ్గర తోటికోడలిలా, చావు జరిగిన ఇంట్లో గోడకు ఆనుకుని మాట లేకుండా. "ఎట్ల చనిపోయిండు" అని ఎన్నడూ నేరుగా అడగదు. కాసేపు కూర్చుని, కన్నీళ్లు తుడుచుకోనిచ్చి, "చివరికి ఏం తినబుద్ధైందన్నడమ్మా?" అంటుంది. అక్కడినుంచి ఆ ఇంటివాళ్లే రోగమంతా మొదటినుంచీ చెప్పుకొస్తారు. ఏడుపులోంచి ఇంత నెమ్మదిగా నిజాన్ని తీసుకోవడం ఏ బడిలో నేర్పుతారో త్రివేణికి తెలియదు.

ఆ శనివారం సాయంత్రం స్వర్ణలత ట్యాబు ముందు పెట్టుకుని చాలాసేపు ఒక్క గడి వైపే చూస్తూ కూర్చుంది.

"సూడు త్రివేణీ, పచ్చకామెర్లు అన్న కాడ మూడు వారాల సంది సున్ననే పెడుతున్న. జ్వరాలు పెరుగుతున్నయి, వాంతులు పెరుగుతున్నయి. పోచమ్మగుడి సందుల నల్లా ఇప్పితే మొదటి రెండు బిందెలు మోరీ వాసన. కామెర్లు మాత్రం ఒక్కటి లేదంట. రోగం లేదనా ఈ సున్న, మా కండ్లకు కనిపిస్తలేదనా?"

సున్న అంటే మంచిదే కదా అనుకుంది త్రివేణి. ఆ మాటా నోట్లోంచి రాలేదు.

"ఇగ బాలరాజు సంగతి," అంది స్వర్ణలత. ఆ సందులోనే అద్దెకుండి కంపెనీలో పనిచేసే పడుచువాడు బాలరాజు. జ్వరమని ఊరికి తీసుకుపోయారు, అటే ఎక్కడో పోయాడని కబురొచ్చింది. "ఇంటికి తాళం. దినాలయ్యేదాక ఎవ్వలు రారు. ఆడ ఊరోళ్లు చావు రాసుకుంటరు. ఈడ నా లెక్కల వాడు లేనే లేడు. రోగం మన గల్లీల అంటుకున్నది, చావు పోయి యాడనో పడ్డది. ఇట్లయితే మంట యాడ పుట్టిందో ఎట్ల తెలుస్తదే?"

ఆ సందు పేరు వినగానే త్రివేణికి తారామణి గుర్తుకొచ్చింది. మంగతాయారు గారి ఇంట్లో పై వాటాలో ఉండే తారామణి జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. కాలేజీ అయ్యాక త్రివేణి అక్కడికి వెళ్లి పూసలు రంగుల వారీగా వేరుచేసి ఇస్తుంది. ఈ ఊళ్లో త్రివేణి గలగలా మాట్లాడేది ఆమె ఒక్కదానితోనే. తారామణికి ఇప్పుడు ఏడో నెల. "ఆడపిల్ల పుడితే నీ పేరే పెడత. గని అది గూడ మూగదైతే జిమ్మేదారి నీదే" అని ఏడిపిస్తుంది.

"చిన్నమ్మా, కామెర్లు వస్తే..." అని సగంలో ఆగిపోయింది త్రివేణి.

చిన్నమ్మకు అర్థమైంది. "నీళ్లతోని వచ్చే కామెర్లు మామూలోళ్లను నెల రోజులు పడుకోబెట్టి పోతయి. కడుపుతోటి ఉన్నోళ్లకు వస్తే ఊకోవు. నెలలు నిండుతున్నకొద్దీ ఇంకా గండం. తల్లి పానం, బిడ్డ పానం రెండూ పోవచ్చు. తారామణికి చెప్తనే ఉన్న, నీళ్లు కాగబెట్టుకో అని. నవ్వుతది."

ఆదివారం పొద్దున స్వర్ణలత గొడుగు తీసుకుని బయల్దేరుతుంటే త్రివేణి కూడా చెప్పులు వేసుకుంది. చిన్నమ్మ ఏమీ అడగలేదు. సంచి తీసి ఆ పిల్ల భుజానికి తగిలించింది.

పోచమ్మగుడి సందులో ఎక్కువమంది మోత్కూరు, ఆత్మకూరు వైపు పల్లెల నుంచి వచ్చి కంపెనీల్లో పనిచేసేవాళ్లే. సందు మొదట్లో ఏదో కొత్త బిల్డింగు కోసం గుంత తవ్వి ఉంది. గుంత పక్కనే మురుగు పారే మోరీ. ఆ పక్క ఇల్లే మంగతాయారు గారిది. ఆమె భీమవరం వైపునుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"మళ్లీ వచ్చారా స్వర్ణలత గారూ! మా ఇంట్లో అద్దెకున్నవాళ్లంతా నిక్షేపంలా ఉన్నారండీ. జ్వరాలూ లేవు, గిరాలూ లేవు. మీరు అడిగీ అడిగీ తెప్పించేట్టున్నారు!"

"ఒకసారి ముఖాలు సూసి పోతనమ్మా. నా కండ్లకు పని లేకపోతే తుప్పు పడ్తయి" అంటూ స్వర్ణలత లోపలికి నడిచింది.

మొదటి గదిలో ఉప్పలమ్మ అనే ముసలామె. కళ్లకు ఆపరేషన్ నాటి నల్లద్దాలు.

"పెద్దమ్మా, పానం ఎట్లున్నది?"

"రాయి లెక్క ఉన్న బిడ్డా."

"అద్దాలు జర తియ్యి, కండ్లు సూస్త."

"డాక్టరు తియ్యొద్దన్నడు."

"ఆపరేషనై ఏడాది దాటింది గదనే!"

"ఆయన తియ్యమని మల్ల చెప్పలే."

ఆమె ముందు కంచంలో అన్నం ఉంది. తెల్లటి అన్నంలో పల్చటి చల్ల. పక్కనే మనవడి కంచంలో పప్పు, ఎర్రటి తొక్కు. వాకిట్లో నిలబడ్డ త్రివేణి ఆ రెండు కంచాల వైపూ చూసింది. ముసలామె ఎడమ చేతి మణికట్టుకు తెల్లనూలు దారం, దారంలో కట్టిన చిన్న వేరు ముక్క, మూడు ముళ్లు. ఆ ముడి త్రివేణికి చిన్నప్పటినుంచీ తెలుసు.

రెండో గదిలో విక్రమ్ అనే కుర్రాడు. ఇంట్లో చీకటి. ఆ చీకట్లోనూ నల్ల కళ్లద్దాలు.

"ఏంరా, హీరోవా?"

"కండ్లకలక మేడం. దగ్గరికి రాకుండ్రి, అంటుకుంటది."

"రెండు నిమిషాలు తియ్యరా, మందు చుక్కలు రాసిస్త."

"మీకేమన్న అయితే నాకు పాపం మేడం" అని వాడు గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకున్నాడు. పొయ్యి మీద గిన్నెలో గంజి. పక్కన ఉడికిన సొరకాయ ముక్కలు, తెల్లగా, నూనె చుక్క లేకుండా. దుప్పటి బయట ఉన్న చేతికి అదే దారం.

తర్వాతి రెండు గదుల్లో మనుషులు పనికి పోయారన్నారు. పొయ్యి దగ్గర తెల్లకూర మాత్రం ఉంది. అంతా అయ్యాక స్వర్ణలత మెట్లమీద కూలబడింది. "ఒకడు కండ్లకలకంటడు, ఒకామె అద్దాలు తియ్యనంటది. ఏదో దాస్తున్నరే. బలవంతంగా రెప్పలు పైకి లేపలేను గద."

త్రివేణి పెదవులు కదిలాయి. మళ్లీ మూసుకుంది.

ఆ పిల్లకు అంతా తెలిసిపోయింది. పచ్చకామెర్లను వాళ్ల ఊళ్లో పస్కలంటారు. పస్కలైతే ఉప్పు, పసుపు, నూనె, కారం ఏదీ ముట్టకూడదు. చల్లతోనో గంజితోనో పత్తెం ఉండాలి. ఒక ఆదివారమో గురువారమో పొద్దు పొడవకముందే పసరు తాగాలి. ఆ పసరు నూరేదీ, మూడు ముళ్లు వేసేదీ మరెవరో కాదు, త్రివేణి నాయన తండ్రి, బిక్షపతి తాత. చిన్నప్పుడు ఆకులు కడిగి రోలు దగ్గర పెట్టింది త్రివేణే. మందు తాగినవాళ్లకు తాత చెప్పే మాట కూడా ఆమెకు కంఠతా వచ్చు. "పత్తెం అయ్యేదాక మందు సంగతి ఎవ్వలకు చెప్పొద్దు. నోరిప్పితే మందు ఇరుగుతది. ఇరిగిన మందు మల్ల పట్టది." మందు ఇరుగుతుందంటే పనిచేయడం మానేస్తుందని. అందుకే వీళ్లంతా అబద్ధాలాడుతున్నారు. చెడ్డతనంతో కాదు, భయంతో.

ఇప్పుడు తాను చెబితే? ఆ ముసలామె మందు ఇరిగి ఆమెకేమైనా అయితే? అది తన నోటిపాపమే కదా. అదీకాక తాత. ఊరంతా చేతులెత్తి మొక్కే తాత పేరు పట్నంలో ట్యాబులో ఎక్కితే?

అంతలో పైనుంచి తారామణి దిగివచ్చింది. ఎప్పటిలాగే నవ్వబోయి, మెట్టుమీదే ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందక్కా?"

"ఏం లేదే. పోపు వాసనొస్తే కడుపుల దేవినట్టైతున్నది. నిన్నటి సంది బువ్వ పోతలేదు. ఏడో నెలల గూడ గిట్లుంటదంట, అత్తమ్మ చెప్పింది."

స్వర్ణలత ఆమెను దగ్గరికి రమ్మంది. తారామణి "రేపు దవాఖానాకే వస్త లేక్కా, మగ్గం మీద గిరాకి జాకెటున్నది" అంటూ పైకి ఎక్కిపోయింది. ఎక్కుతుంటే ఆమె చెయ్యి గోడను పట్టుకుని పట్టుకుని పోవడం త్రివేణి చూసింది.

ఇంటికొచ్చాక స్వర్ణలత పప్పు వడ్డించింది. త్రివేణి కంచం వైపు చూస్తూ కూర్చుంది. పచ్చటి పప్పు. అన్నం కలపడానికి చెయ్యి రాలేదు.

"తినవేందే?"

"చిన్నమ్మా..."

"ఊ."

"ఆ ఇండ్లల్ల కూరల పసుపు ఎయ్యలే."

స్వర్ణలత చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె మళ్లీ అడగలేదు, తొందరపెట్టలేదు. చావు జరిగిన ఇంట్లో కూర్చున్నట్టు నేలమీద త్రివేణి ఎదురుగా కూర్చుంది. అంతే, లోపల గడ్డకట్టిందంతా బయటికొచ్చింది. పత్తెం, దారం, మూడు ముళ్లు, ఇరిగే మందు, తాత. చెప్తూ చెప్తూ త్రివేణి ఏడ్చేసింది.

"నేను చెప్పిన గద చిన్నమ్మా. వాళ్ల మందు ఇరుగుతదా?"

"ఇరుగుతదో లేదో నాకెర్కలేదు. నువ్వు చెప్పకపోతే మాత్రం ఏం ఇరుగుతదో ఎర్కే." స్వర్ణలత కొంగుతో ఆ పిల్ల ముఖం తుడిచింది. "పిచ్చిదానా, నెలసంది నేను రోగం అడుగుతున్న. నువ్వు కంచాలు సూసినవు. రేపటి సంది నేను గూడ కంచాలే సూస్త."

తాత మీద కోపం వస్తుందేమో అనుకుంది త్రివేణి. చిన్నమ్మ ముఖంలో కోపం లేదు. ఆమె అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"మీ తాతను తిడితే నా గడి నిండుతదా? ఆయన కాడికి పోయినోళ్లు నా కాడికి రావాలె. గంతే." స్పీకరు పెట్టింది. అక్క మామగారిని ఆమె కూడా మామా అనే పిలుస్తుంది. "మామా, నేను స్వర్ణను."

"ఆ, చెప్పు బిడ్డా. పిల్ల మంచిగున్నదా? మాట్లాడుతున్నదా, ఇంకా గట్లనేనా?"

"మాట్లాడుతున్నది మామా, మస్తు మాట్లాడుతున్నది. నీకు పస్కలోళ్లు నాచారం దిక్కునుంచి ఎంతమంది వచ్చిన్రు?"

అవతల తాత గొంతు గట్టిపడింది. "మందు తాగినోళ్ల ముచ్చట అడుగొద్దు, చెప్పొద్దు. మా నాయన కాలం సంది ఉన్నది. దవాఖానా మేడం అడిగినా గంతే, కోడలడిగినా గంతే."

"నీ మందు తప్పని అంటలేను మామా. ఎంతమందో చెప్పు, పేర్లు వద్దు."

"లెక్క చెప్పినా చెప్పినట్టే."

స్వర్ణలత ఒక్క క్షణం ఆలోచించి ఫోన్ త్రివేణి ముందు పెట్టింది.

త్రివేణి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం ఆమెకు ఎప్పుడూ లేదు. "తాతా, నేను."

"ఏం బిడ్డా?"

"కడుపుతోటి ఉన్నోళ్లకు నువ్వు పసరు పోస్తవా తాతా?"

"ఛ! పొయ్యను. కడుపుల బిడ్డకు పడది. నీకెర్కే గద."

"ఈడ తారక్క ఉన్నది. ఏడో నెల. నీ కాడికి వచ్చినోళ్లందరు తాగే నల్లా నీళ్లే తాగుతది. ఆమెకు పస్కలైతే నీ కాడ మందు లేదు. చిన్నమ్మ కాడనే ఉన్నది. ఆ నల్లా బంద్ జేయాలంటే, రోగం ఉన్నదని చిన్నమ్మకు తెల్వాలె. నువ్వు చెప్పొద్దంటే వాళ్లు కండ్లు గూడ సూపిస్తలేరు."

ఫోన్‌లో ఎక్కడో కోడి కొక్కరించింది.

"ఈ యేడు తోట్ల ఆకే సాల్తలేదు" అన్నాడు తాత చివరికి, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "పట్నపోళ్లు ఇంతమంది ఎందుకొస్తున్నరా అనుకున్న. ఒకటే నల్లా అని నాకేం ఎర్క? మొన్న ఒక పడుచు పోరన్ని తెచ్చిన్రు, బాలరాజంట. తెలివే లేదు. కండ్లు పండు దోసకాయ. నా చేతిల లేదు, పెద్ద దవాఖానాకు తీస్కపోండ్రి అని మొత్తుకున్న. తొవ్వలనే పోయిండు." ఆపై అన్నాడు, "మందు ఇచ్చినోడే నోరిప్పితే ఇరగది బిడ్డా. తాగినోళ్లు ఇప్పొద్దు, గని ఇచ్చినోడు ఇప్పొచ్చు. రేపు మొదటి బస్సుకు వస్త."

స్వర్ణలత వెంటనే దవాఖానా డాక్టరు గీతికకు ఫోన్ చేసింది. ఆదివారమైనా గీతిక ఒక్క మాట విసుక్కోలేదు. "రేపు రక్తం తీయడానికి టెక్నీషియన్‌ను తీసుకుని నేనే సందులోకి వస్తాను. వాళ్లు మన దగ్గరికి రాకపోతే మనమే వెళ్దాం" అంది.

మర్నాడు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు దిగిన తాతను చూసి త్రివేణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తెల్ల ధోవతి, భుజాన తువ్వాల, చేతిలో చల్ల సీసా. "పట్నం నీళ్లు నేను తాగ" అన్నాడు మొదటి మాట. ఆటోలో స్వర్ణలత పక్కన కూర్చుని దారిపొడవునా, "ఈ మోరీలన్ని ఎటు పోతయి బిడ్డా, నల్లా పైపులు ఎటు పోతయి?" అని అడుగుతూనే ఉన్నాడు.

సందులో మంగతాయారు గారి వరండాలో గీతిక బల్ల వేయించింది. ఇద్దరు ముగ్గురు వచ్చి దూరంగా నిలబడ్డారు తప్ప ఎవరూ దగ్గరికి రాలేదు. తాత సందు నడిమధ్య నిలబడి తువ్వాల తలకు చుట్టుకున్నాడు.

"ఓ ఉప్పలమ్మా! ఓ పోరగా, కండ్లద్దాల పోరగా! నా మందు తాగినోళ్లందరు బయటికి రాండ్రి. మందు ఇచ్చిన బిక్షపతిని చెప్తున్న. నెత్తురియ్యిండ్రి, కండ్లు సూపియ్యిండ్రి, నోరిప్పుండ్రి. ఇరిగితే నా మందు ఇరగనీ, మీ పానం ఇరగొద్దు!"

ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. విక్రమ్ వచ్చి తాత ముందు చేతులు కట్టుకుని నిలబడి మెల్లగా అద్దాలు తీశాడు. కళ్లు పండిన దోసకాయల్లా పచ్చగా ఉన్నాయి.

"ఇగో, హీరో కండ్లకలక!" అంది స్వర్ణలత. వాడు సిగ్గుపడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వుతోనే భయం సగం పోయింది. పనికి పోయారన్నవాళ్లు లోపలి గదుల్లోంచే వచ్చారు. చూస్తుండగా వరుస గుమ్మం దాటి గుడి దాకా పెరిగింది.

"నిక్షేపంలా ఉన్నారన్నాను కదండీ!" అని మంగతాయారు గారు తల పట్టుకున్నారు. "నా ఇంట్లోనే, నా ముక్కు కిందే! ఇంతకీ ఎవరికీ నోరెందుకు రాలేదండీ?"

"మీ ముక్కే కాదమ్మా, నా ముక్కు గూడ గంతే" అంటూ స్వర్ణలత ఒక్కొక్కరి రెప్ప లాగి చూస్తోంది. ఎప్పటినుంచి నలతగా ఉంది, ఏ నల్లా నీళ్లు, ఇంట్లో ఇంకెవరికి అని అడుగుతోంది. చేతులు ఎక్కడా ఆగడం లేదు, మాట ఎక్కడా గట్టిగా లేదు. త్రివేణి ట్యాబు పట్టుకుని ఆమె చెప్పింది చెప్పినట్టు ఎక్కిస్తోంది. ఇన్ని వారాలు ఇంటింటికీ తిరిగి, ఇన్ని అబద్ధాలు విని, ఒక్కరినీ మాట అనకుండా ఎలా ఉండగలిగిందీ మనిషి అనుకుంది. తాత ఆకులు ఎరిగినట్టు చిన్నమ్మ మనుషులను ఎరుగును.

గీతిక తాత పక్కన కూర్చుంది. "తాతా, ఇకమీదట మీ దగ్గరికి వచ్చేవాళ్లను ముందు రక్తపరీక్ష చేయించుకుని రమ్మంటారా?"

"రమ్మంట. ఆదివారం ఎంతమందొచ్చిన్రో, యాడికెల్లి వచ్చిన్రో పిల్లకు ఫోన్ల చెప్త. నువ్వు నా ఆకును తిట్టకు, నేను నీ సూదిని తిట్ట."

"తిట్టను. కానీ బాగా జబ్బు పడ్డవాళ్లను మీ దగ్గర ఆపొద్దు. ఆకుతో కాలయాపన అయితే ప్రాణం పోతుంది."

తాత తల వంచుకున్నాడు. "ఆ పోరన్ని సూసినంక నాకు నిద్ర లేదమ్మా. ఆపను."

అప్పుడే తారామణి భర్త ఉపేందర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కంపెనీ యూనిఫాంలోనే ఉన్నాడు. తిన్నగా తాత కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"తాతా, మా ఆమెకు జర పసరు పొయ్యి. పొద్దటి సంది లేస్తలేదు. మాట తడబడుతున్నది. నువ్వు ఈడికే వచ్చినవంటే మా అదృష్టం."

స్వర్ణలత అప్పటికే మెట్లెక్కేసింది. త్రివేణి ట్యాబు బల్లమీద పడేసి వెనకే పరుగెత్తింది. మగ్గం మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. పక్కన చాపమీద తారామణి. స్వర్ణలత ఆమె కింది రెప్పను బొటనవేలితో లాగింది. లోపల పచ్చన.

"ఇవి కడుపుతోటి వచ్చే వాంతులు గావు. జల్ది కిందికి దింపాలె!"

కింద ఉపేందర్ ఇంకా తాతను బతిమాలుతున్నాడు. "ఒక్క గుక్కెడు తాతా, నీ చేతి గుణం..."

తాత అతని భుజాలు పట్టుకుని లేపాడు. "నా చేతిల గా గుణం లేదు కొడుకా. కడుపుతోటి ఉన్నామెకు నా ఆకు విషం. నీ భార్యను నా కోడలు చేతుల పెట్టు. ఆమె చేతి గుణం నీకు ఎర్క లేదు. ఉరుకు!"

మోత్కూరు వైపంతా నమ్మే మనిషి ఆ మాటన్నాక ఉపేందర్ మెట్లవైపు పరుగెత్తాడు. గీతిక పెద్ద దవాఖానాకు ఫోన్ చేసి అన్నీ సిద్ధం చేయించింది. అంబులెన్సులో తారామణి తల త్రివేణి ఒడిలో ఉంది. ఆమె కళ్లు మూతలు పడకుండా పలకరిస్తూ ఉండమని గీతిక చెప్పింది. మాటలు రాని ఆ పిల్ల ఉప్పల్ దాటి పెద్ద దవాఖానా గేటు దాకా ఒక్క క్షణం ఆపకుండా మాట్లాడింది. కాలేజీ గురించి, పూసల గురించి, ఊళ్లో తాత రోలు గురించి, నోటికొచ్చిందల్లా. తారామణి ఒకసారి కళ్లు తెరిచి, "ఎంత వాగుతవే" అంది. త్రివేణి ఇంకా గట్టిగా వాగింది.

అదే రోజు సాయంత్రం సందులో నల్లా బంద్ అయింది. గీతిక పంపిన లెక్క చూసి నీళ్ల ఆఫీసు వాళ్లు ట్యాంకరు పంపారు. గుంత పక్కన తవ్వితే పగిలిన పైపు మోరీ నీళ్లలో నానుతూ దొరికింది. ఉప్పలమ్మకూ విక్రమ్‌కూ మందులు మొదలయ్యాయి. స్వర్ణలత వారం రిపోర్టులో పచ్చకామెర్ల లెక్కతో పాటు బాలరాజు చావునూ ఎక్కించింది. చావు కాగితం ఏ ఊళ్లో రాసుకున్నా రోగం ఈ సందుదేనని గీతిక చేత ఒప్పించి మరీ ఎక్కించింది. కానీ ఆ రాత్రీ, ఆ మర్నాడూ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. తారామణికి తెలివి వచ్చీ పోతూ ఉందని ఉపేందర్ చెబుతున్నాడు.

గురువారం మధ్యాహ్నం చిన్నమ్మా త్రివేణీ పెద్ద దవాఖానా మెట్లమీద కూర్చుని ఉండగా ఉపేందర్ పైనుంచి దిగి వచ్చాడు. గడ్డం మాసింది, కళ్లు లోతుకు పోయాయి. వచ్చి వాళ్ల కింది మెట్టుమీద కూర్చున్నాడు. త్రివేణి చిన్నమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గండం గడిచిందన్నరు" అన్నాడు. "తెలివి నిలబడ్డది. బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటున్నదంట. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేకపోదుమన్నది డాక్టరమ్మ. అక్కా, నీకు..." అంటూ రెండు చేతులూ జోడించాడు.

స్వర్ణలత ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. కళ్లలో నీళ్లు నిండాయి. తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, సంచిలోంచి ట్యాబు తీసింది.

"నువ్వు పనిజేసే కంపెనీల ఎవరికన్న జ్వరాలున్నయా తమ్మీ? వాంతులు?"

ఉపేందర్ ఏడుపులోనే నవ్వాడు. "నీకు వేరే పనే లేదా అక్కా?"

"లేదు. చెప్పు."

"ఉన్నరు ఇద్దరు ముగ్గురు. ఊరికి పోయిన్రు."

స్వర్ణలత త్రివేణి వైపు చూసింది. త్రివేణి గొంతు సవరించుకుని ఒక మెట్టు కిందికి జరిగి ఉపేందర్ ఎదురుగా కూర్చుంది.

"అన్నా, వాళ్లు ఏ ఊరికి పోయిన్రు?" అని అడిగింది. "పోకముందు కంపెనీల నీళ్లు ఎక్కడియి తాగేటోళ్లు?"